బొమ్మ స్పష్టతకు సాక్ష్యం: పరీక్షాపటం నుంచి స్ట్రీమింగ్ స్టిక్ దాకా

టీవీ వెనక తగిలించే స్ట్రీమింగ్ స్టిక్ పెట్టె మీద కనిపించే ‘హెచ్‌డీ’ అనే మాట ఈ శతాబ్దంలో పుట్టిందని చాలామంది అనుకుంటారు గాని, దాని పూర్తి రూపమైన ‘హై డెఫినిషన్’ 1935 నాటికే బ్రిటన్ ప్రభుత్వ పత్రాల్లోకి ఎక్కింది. టెలివిజన్ భవిష్యత్తును తేల్చడానికి లార్డ్ సెల్స్‌డన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం ఆ ఏడాది జనవరిలో నివేదిక ఇస్తూ, ప్రజల కోసం మొదలుపెట్టే ప్రసారం హై డెఫినిషన్‌ది కావాలనీ, అంటే బొమ్మను కనీసం 240 అడ్డగీతలుగా చీల్చి పంపాలనీ సిఫారసు చేసింది. అంతకుముందు జాన్ లోగీ బెయిర్డ్ 1926 జనవరిలో లండన్ సోహో పేటలో చూపించిన బొమ్మలో ఉన్నవి 30 గీతలే కాబట్టి, 240 అన్నది ఆనాటి వారికి నిజంగానే గొప్ప సంఖ్య. 1936 నవంబరు 2న అలెగ్జాండ్రా ప్యాలెస్ నుంచి బీబీసీ ప్రసారం మొదలైనప్పుడు బెయిర్డ్ కంపెనీ 240 గీతల పద్ధతినీ, మార్కోనీ-ఈఎంఐ వారి 405 గీతల పద్ధతినీ వంతులవారీగా వాడి చూశారు. మూడు నెలలు తిరగకుండానే మొదటిది పక్కకు తప్పుకుంది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక ఫ్రాన్స్ 819 గీతల పద్ధతిని ఎంచుకుంది. ఈ మూడూ తమ తమ కాలాల్లో హై డెఫినిషన్‌గానే చెలామణీ అయ్యాయి.

దీన్నిబట్టి ఆ మాట ఒక కొలత కాదనీ, నిన్నటికన్నా నేడు మెరుగన్న పోలిక మాత్రమేననీ తెలుస్తుంది. పోలికను నమ్మాలంటే సాక్ష్యం కావాలి. ప్రసారకర్త పంపిన వివరం ఇంటి తెర మీదకు ఎంత చేరింది, దారిలో ఎంత పోయింది అన్నది తేల్చడానికి ఇంజనీర్లు కనిపెట్టిన సాధనమే పరీక్షాపటం, అంటే టెస్ట్ కార్డు. ప్రసారం లేని వేళల్లో తెర మీద కదలకుండా నిలిచే ఆ గీతల, వలయాల, రంగుపట్టీల చిత్రాన్ని ప్రేక్షకులు విసుగుతో చూసి ఉండవచ్చు. కాని టెలివిజన్ వృత్తిలో ఉన్నవారికి అది తక్కెడలో వేసే పడికట్టు రాయి వంటిది. ఆ రాయి సామాన్యుడి ఇంటి నుంచి ఎప్పుడు మాయమైంది, స్ట్రీమింగ్ స్టిక్ కాలంలో అది లేకపోవడం వల్ల ఏం పోయింది అన్నది తెలుసుకోవాలంటే మొదట అది ఎలా పనిచేసిందో చూడాలి.

స్పష్టతను గీతలతో కొలవాలన్న ఆలోచన టెలివిజన్ కంటే పాతది. నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ నగరానికి చెందిన నేత్రవైద్యుడు హెర్మన్ స్నెల్లెన్ 1862లో రూపొందించిన అక్షరాల పటం నేటికీ ప్రతి కంటి ఆసుపత్రి గోడ మీదా వేలాడుతోంది. మామూలు చూపున్న కన్ను కోణంలో ఒక నిమిషం, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు, ఎడమున్న రెండు బిందువులను విడివిడిగా గుర్తించగలదన్న సూత్రం దానికి ఆధారం. కంటికి పటం ఎలాగో టీవీకి పరీక్షాపటం అలాగే: తెలిసిన వస్తువును చూపించి, ఎంతవరకు కనిపిస్తోందో అడగడం. చూపించే వస్తువు ముందే తెలిసి ఉండడమే ఈ పద్ధతికి ప్రాణం. సినిమాలో దూరపు కొండ మసకగా కనిపిస్తే అది పొగమంచో, కెమెరా లోపమో, టీవీ లోపమో ఎవరూ చెప్పలేరు. పటంలోని సన్నని చారలు అలుక్కుపోతే మాత్రం తప్పు దారిలోనే జరిగిందని చెప్పవచ్చు.

అమెరికాలో ఆర్‌సీఏ సంస్థ 1939 నుంచి వాడిన పటంలో పైభాగాన ఈకల కిరీటం పెట్టుకున్న ఒక ఆదివాసీ నాయకుడి ముఖం ఉండేది కాబట్టి దానికి ‘ఇండియన్ హెడ్’ అన్న పేరు నిలిచింది. దాన్ని కెమెరాతో తీసేవారు కాదు. మోనోస్కోప్ అనే గాజు గొట్టంలో లోహపు పలక మీద ఆ చిత్రాన్ని ముద్రించి, ఎలక్ట్రాన్ పుంజంతో నేరుగా చదివించేవారు. కటకం లేదు, దీపం లేదు, కెమెరా సర్దేవాడి చేతి వణుకూ లేదు. కాబట్టి బొమ్మలో ఏ తేడా వచ్చినా అది ప్రసార మార్గానిదో, టీవీదో అయి తీరాలి. పటం మధ్యలో ఒకచోట కలవబోతున్నట్టు సన్నబడే చారల గుత్తులుండేవి. విసనకర్ర మడతల్లా వెడల్పుగా మొదలై క్రమంగా దగ్గరయ్యే ఆ చారలు ఎక్కడ కలిసిపోయి బూడిదరంగుగా మారతాయో అక్కడున్న అంకే ఆ టీవీ అసలు స్పష్టత. ఈ అంకె టీవీ పెట్టె మీద అచ్చువేసినది కాదు; తెర తానే ఇచ్చిన వాంగ్మూలం.

బ్రిటన్‌లో ఈ పని మరింత పద్ధతిగా సాగింది. బీబీసీ యుద్ధానంతరం ఏ, బీ, సీ అనే అక్షరాల వరుసలో పటాలు తయారుచేసి, పగటిపూట కార్యక్రమాలు లేని వేళల్లో వాటిని ప్రసారం చేసింది. ఆ ప్రసారాలను ‘ట్రేడ్ టెస్ట్’ అనేవారు. అవి ప్రేక్షకుడి వినోదానికి ఉద్దేశించినవి కావు. టీవీలు అమ్మే దుకాణదారు కొనేవాడికి బొమ్మ చూపించడానికీ, ఏంటెనా బిగించే పనివాడు దిశ సరిచూసుకోవడానికీ, మరమ్మతుదారు తన పని సరిగా కుదిరిందో లేదో తేల్చుకోవడానికీ ఒక జాతీయ ప్రసార సంస్థ గంటల తరబడి గాలిలోకి పంపిన కొలబద్ద అది. వృత్తిపనివాళ్ల అవసరాన్ని ప్రజాసేవలో భాగంగా గుర్తించిన ఆ ఏర్పాటు టెలివిజన్ చరిత్రలో గౌరవంగా చెప్పుకోదగ్గ అధ్యాయం.

ఆ వరుసలో ప్రపంచమంతా ఎరిగినది 1967 జూలై 2న తొలిసారి ప్రసారమైన టెస్ట్ కార్డ్ ఎఫ్. బీబీసీ ఇంజనీరు జార్జ్ హెర్సీ దాన్ని రూపొందిస్తూ మధ్య వలయంలో తన కూతురు కేరొల్ ఫొటో పెట్టారు. నల్లబల్ల పక్కన కూర్చున్న ఆ పాప చెంత ఒక బొమ్మ విదూషకుడుంటాడు. నల్లబల్ల మీద గీసిన సున్నాలు, గుణకారపు గుర్తుల ఆటలో ఒక గుణకారపు గుర్తు సరిగ్గా తెర మధ్యబిందువు మీద పడుతుంది. అది పక్కకు జరిగితే బొమ్మ పక్కకు జరిగినట్టే. రంగుల టీవీ అప్పుడే వస్తున్న రోజులు కాబట్టి మనిషి చర్మపు ఛాయ సహజంగా ఉందో లేదో తేల్చడానికి అంకెల కన్నా ఒక పసిముఖమే మంచి గీటురాయి అయింది. వలయానికి బయట ఒక పక్కన నిలువు చారల గుంపులు ఆరు ఉంటాయి. చారలు ఎంత దగ్గరగా ఉంటే సంకేతం అంత వేగంగా నలుపు తెలుపుల మధ్య ఊగాలి. ఆ ఊగే వేగాన్ని సెకనుకు పది లక్షల సార్ల లెక్కన, అంటే మెగాహెర్ట్జ్‌లో చెబుతారు. ఈ పటంలో ఆ గుంపులు 1.5తో మొదలై 2.5, 3.5, 4, 4.5 మీదుగా 5.25 మెగాహెర్ట్జ్ దాకా పోతాయి. ఎన్నో గుంపు దాకా చారలు విడివిడిగా కనిపిస్తాయో చూస్తే టీవీ సత్తా తెలిసిపోతుంది. దీనికి చదువు అక్కరలేదు, పరికరం అక్కరలేదు, కళ్లుంటే చాలు.

దాదాపు అదే కాలంలో డెన్మార్క్‌లోని ఫిలిప్స్ ప్రయోగశాలలో పుట్టిన పీఎం5544 అనే ఎలక్ట్రానిక్ పటం ఐరోపా, ఆసియా, ఆఫ్రికా దేశాల్లోని ఎన్నో ప్రసార కేంద్రాలకు పాకింది. గళ్ల నేపథ్యం మీద పెద్ద వలయం, అందులో రంగుపట్టీలు, వాటి కింద 0.8 నుంచి 4.8 మెగాహెర్ట్జ్ దాకా ఐదు చారల గుంపులు, ఆ కింద నలుపు నుంచి తెలుపుకు మెట్లుగా పెరిగే పట్టీ దాని రూపం. వలయం కోడిగుడ్డులా సాగితే జ్యామితి చెడిందని, మెట్లు ఒకదానిలో ఒకటి కలిసిపోతే కాంట్రాస్ట్ తప్పిందని, సన్నని నిలువు గీత పక్కన దాని నీడ కనిపిస్తే సంకేతం ఏ కొండకో మేడకో తగిలి రెండోసారి వస్తోందని మెకానిక్ చిటికెలో చెప్పగలిగేవాడు.

భారతదేశం 625 గీతల పద్ధతిని, బొమ్మ సంకేతానికి ఐదు మెగాహెర్ట్జ్ హద్దును స్వీకరించింది. ఒక్కో గీతలో కంటికి కనిపించే భాగం 52 మైక్రోసెకన్లు, అంటే సెకనులో పది లక్షల వంతుల్లో 52, కాబట్టి ఆ వ్యవధిలో ఐదు మెగాహెర్ట్జ్ సంకేతం 260 సార్లు ఊగుతుంది. ఒక ఊపుకు ఒక నల్లచార, ఒక తెల్లచార చొప్పున తెర వెడల్పంతా కలిపి 520 చారలకు మించి పట్టవు. దూరదర్శన్ ఎంత శ్రద్ధగా పంపినా, టీవీ ఎంత ఖరీదైనదైనా అదే హద్దు. 1980ల్లో ఊరూరా వెలిసిన వీడియో పార్లర్లలోని వీహెచ్ఎస్ క్యాసెట్టు మూడు మెగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోయేది కాబట్టి, పీఎం5544 పటాన్ని అందులో రికార్డు చేసి చూస్తే చివరి రెండు గుంపులూ వట్టి బూడిద పలకలుగా మిగిలేవి.

తెలుగు నేలకు ఈ చరిత్రతో ఉన్న సంబంధం చిన్నది కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టెలివిజన్ చేర్చిన ‘సైట్’ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ గ్రామాలూ ఉన్నాయి; ఆ గ్రామాల్లో నిలిపిన సెట్లను తయారుచేసింది హైదరాబాదులోని ఈసీఐఎల్. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలయ్యాక, 1982లో రంగులు వచ్చాక, మేడల మీద ఇనుప గొట్టాలకు కట్టిన ఏంటెనాలు పట్టణాల ఆకాశరేఖనే మార్చేశాయి. ఒకరు డాబా మీద గొట్టాన్ని అంగుళం అంగుళం తిప్పుతూ ఉంటే, ఒకరు మెట్ల మీద నిలబడి లోపలివాళ్ల మాట పైకి అందిస్తూ ఉంటే, ‘ఆ, అక్కడే ఆపు’ అని తెర ముందున్న వాళ్లు కేకవేయడం ఆ రోజుల్లో ప్రతి వీధిలో సాగిన తంతు. తెర మీద చీమలు పాకితే సంకేతం బలహీనమనీ, నీడ పడితే దిశ తప్పిందనీ చిన్నపిల్లలకూ తెలుసు. అనలాగ్ టెలివిజన్ తన లోపాన్ని దాచుకోలేకపోయేది. ఎంత చెడితే అంతా బయటికే కనిపించేది. టీవీ మెకానిక్ బల్ల మీద ఉండే ప్యాటర్న్ జనరేటర్ అనే చిన్న పెట్టె, ప్రసారం లేని వేళ కూడా గళ్లూ చుక్కలూ రంగుపట్టీలూ పుట్టించి, ఈ కంటిచదువును వృత్తివిద్యగా మార్చింది.

ఇప్పటి అర్థంలోని హెచ్‌డీకి పునాది పడింది జపాన్‌లో. 1964 టోక్యో ఒలింపిక్స్ ముగిశాక ఆ దేశపు ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే పరిశోధకులు యంత్రం దగ్గర కాకుండా మనిషి దగ్గర మొదలుపెట్టి, తెర ఎంత పెద్దదైతే దృశ్యంలో తామున్న భావన కలుగుతుంది, ఎంత దూరం నుంచి చూస్తే గీతలు కనపడవు అని లెక్కలు వేశారు. తెర ఎత్తుకు మూడు రెట్ల దూరంలో కూర్చున్నవారికి గీతలు విడిగా కనిపించకూడదన్న లక్ష్యం నుంచే 1,125 గీతల పద్ధతి వచ్చింది. అందులో బొమ్మకు దక్కే గీతలు తర్వాత 1,080గా స్థిరపడ్డాయి. 1981లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఈ బొమ్మను చూసిన అమెరికా సినీ, టెలివిజన్ ఇంజనీర్లు నివ్వెరపోయారు. అయితే అది అనలాగ్ పద్ధతి; గాలిలో అంత చోటు దొరకడం కష్టం. 1990లో జనరల్ ఇన్‌స్ట్రుమెంట్ కంపెనీ పూర్తి డిజిటల్ పద్ధతిని ముందుకు తెచ్చాక, అమెరికాలో కొత్త ప్రసార పద్ధతి కోసం సాగుతున్న పందెం దారి మారిపోయింది. 1993లో పోటీదారులంతా ‘గ్రాండ్ అలయన్స్’ పేరుతో ఏకమయ్యారు. 1998 నవంబరులో అమెరికా నగరాల్లో డిజిటల్ హెచ్‌డీ ప్రసారాలు అధికారికంగా మొదలయ్యాయి.

డిజిటల్ హెచ్‌డీని సాధ్యం చేసిన గణితంలో ఒక తెలుగు పేరు ఉంది. కాన్సస్‌లో పనిచేసిన నాసిర్ అహ్మద్, టి. నటరాజన్‌లతో కలిసి టెక్సస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్ ప్రాంగణపు ఆచార్యుడు కామిశెట్టి రామమోహనరావు 1974 జనవరిలో ప్రచురించిన డిస్‌క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ అనే పద్ధతి, జేపెగ్ ఫొటో మొదలుకొని నేటి వీడియో కుదింపు పద్ధతుల దాకా అన్నింటికీ వెన్నెముక అయింది. బొమ్మను ఎనిమిదికి ఎనిమిది చుక్కల చిన్న గళ్లుగా కోసి, ఒక్కో గడిలో వెడల్పు చారలు ఎంత పాలు, సన్నచారలు ఎంత పాలు ఉన్నాయో విడదీసి, కంటికి అంతగా ఆనని సన్నచారలను తగ్గించి రాసుకోవడం దాన్ని వాడే తీరు. పరీక్షాపటంలోని చారల గుంపులూ, ఈ గణితంలోని చారలూ మూలంలో ఒకటే భావన అని గమనించడం అవసరం. టెస్ట్ కార్డు ఏ సన్నచారలను నిలబెట్టి సాక్ష్యం అడిగిందో, కుదింపు పద్ధతి చోటు చాలనప్పుడు మొదట వదిలేసేది సరిగ్గా ఆ సన్నచారలనే.

ఎంత కుదించాలో ఒక లెక్క చెబుతుంది. స్టూడియోలో ఒక కేబుల్ మీద నడిచే కుదించని హెచ్‌డీ సంకేతం సెకనుకు 148.5 కోట్ల బిట్లు. స్ట్రీమింగ్ సంస్థలు ఫుల్ హెచ్‌డీకి కావాలని చెప్పే ఇంటర్నెట్ వేగం ఇంచుమించు 50 లక్షల బిట్లు. అంటే దాదాపు మూడు వందల పాళ్లలో ఒక పాలు మాత్రమే ఇంటికి చేరుతుంది. బ్లూరే డిస్కు బొమ్మకు నాలుగు కోట్ల బిట్ల దాకా ఇవ్వగలదన్నది దీనితో పోల్చి చూస్తే, సెకనుకు చేరే బిట్ల లెక్క, అంటే బిట్‌రేటు, ఎంత కీలకమో బోధపడుతుంది. బొమ్మలో ఎన్ని చుక్కలున్నాయన్నది రిజల్యూషన్; ఆ చుక్కలను నింపడానికి ఎంత సమాచారం వచ్చిందన్నది బిట్‌రేటు. పాత్ర పెద్దదైనంత మాత్రాన పాలు నిండుగా ఉన్నట్టు కాదు.

పరీక్షాపటం ఇక్కడే మొదటి దెబ్బ తిన్నది. కదలని బొమ్మను కుదించడం డిజిటల్ పద్ధతికి నల్లేరు మీద బండి నడక; ఒకసారి పంపిన చారలను మళ్లీ పంపనక్కర లేదు కాబట్టి తక్కువ బిట్లలో కూడా పటం నిగనిగలాడుతుంది, ఆ వెంటనే వచ్చే క్రికెట్ ఆటలో పచ్చగడ్డి ఆకుపచ్చ పేడలా అలుక్కుపోతుంది. అందుకే ఇంజనీర్లు కదిలే పటాలవైపు, వాన, నీటి అలలు, జనసందోహం వంటి కఠినమైన దృశ్యాలవైపు, మనుషుల్ని కూర్చోబెట్టి ‘లోపం కనపడదు’ నుంచి ‘చాలా చిరాకు పెడుతోంది’ దాకా ఐదు మెట్లలో మార్కులు వేయించే పద్ధతివైపు మళ్లారు. ఈ పరీక్షలన్నీ ప్రయోగశాలల్లోనే ఉండిపోయాయి. డాబా మీది మనిషికి అందలేదు.

దుకాణంలో మాత్రం అంకె రాజ్యమేలింది. 2005లో ఐరోపా తయారీదారుల సంఘం తెచ్చిన ‘హెచ్‌డీ రెడీ’ ముద్రకు తెర మీద 720 గీతలుంటే చాలు. ఈనాటికీ మన దుకాణాల్లో ఆ పేరుతో అమ్మే టీవీ తెర సాధారణంగా 1,366 అడ్డం, 768 నిలువు చుక్కలది. 1,920 అడ్డం, 1,080 నిలువు చుక్కలున్నదాన్ని ‘ఫుల్ హెచ్‌డీ’ అంటారు. ఈ ముద్రలు తెర గురించి చెప్పేవే గాని, దాని మీదకు వచ్చే బొమ్మ గురించి ఒక్క ముక్కా చెప్పవు.

2008 మేలో రోకు సంస్థ నెట్‌ఫ్లిక్స్ కోసం తెచ్చిన చిన్న పెట్టె, 2013 జూలైలో గూగుల్ 35 డాలర్లకు విడుదల చేసిన క్రోమ్‌కాస్ట్, 2014లో అమెరికాలోనూ 2017 ఏప్రిల్‌లో భారతదేశంలోనూ వచ్చిన అమెజాన్ ఫైర్ టీవీ స్టిక్ ఈ కథను ఇంటింటికీ తెచ్చాయి. తెలుగు సినిమాల కోసమే 2020లో ‘ఆహా’ మొదలయ్యే నాటికి బొటనవేలంత స్టిక్ మామూలు గృహోపకరణం అయిపోయింది. తొలి క్రోమ్‌కాస్ట్ 2.4 గిగాహెర్ట్జ్ వైఫై ఒక్కటే అందుకోగలిగేది. టీవీ వెనకనున్న లోహం అడ్డుపడి సంకేతం తగ్గవచ్చని కాబోలు, స్టిక్‌ను కాస్త ఎడంగా వేలాడదీసే బెత్తెడు హెచ్‌డీఎంఐ తీగను కూడా పెట్టెలో పెట్టారు. డాబా మీద గొట్టం తిప్పడానికీ ఆ తీగతో స్టిక్‌ను బయటికి లాగడానికీ తేడా ఒక్కటే. ఆనాడు తిప్పితే ఫలితం ఎదుటే కనిపించేది, ఈనాడు కనిపించదు.

కనిపించకపోవడానికి కారణం, సంకేతం తగ్గినప్పుడు ఆగిపోకుండా తక్కువ నాణ్యతకు జారుకునే ఏర్పాటు. ఒకే సినిమాను మెట్లు మెట్లుగా పలు బిట్‌రేట్లలో సిద్ధం చేసి ఉంచి, ఇంటర్నెట్ వేగాన్ని బట్టి కొన్ని సెకన్లకొకసారి తగిన మెట్టును అందించే ఈ పద్ధతి 2008 తర్వాత వ్యాపించింది. నెట్‌ఫ్లిక్స్ 2015 చివర్లో వెల్లడించిన తన పాత నిచ్చెనలో అడుగు మెట్టు 2.35 లక్షల బిట్లతో 320 అడ్డం, 240 నిలువు చుక్కల బొమ్మ. 720 గీతల బొమ్మ 23.5 లక్షల దగ్గర, 1,080 గీతల బొమ్మ 43 లక్షల దగ్గర మొదలై, పై మెట్టు 58 లక్షల దగ్గర ఆగుతుంది. అప్పటినుంచి ఆ సంస్థ ఒక్కో సినిమాకు ఒక్కో నిచ్చెన కడుతోంది. కార్టూన్ బొమ్మకు తక్కువ, యుద్ధదృశ్యానికి ఎక్కువ.

ఏ మెట్టు మీదున్నా సరే, స్టిక్ మాత్రం వచ్చిన బొమ్మను సాగదీసి 1,080 గీతలుగానే టీవీకి అందిస్తుంది. దీన్ని అప్‌స్కేలింగ్ అంటారు. టీవీ రిమోట్‌లో సమాచారం బటన్ నొక్కితే తెర మూలన వచ్చే ‘1080పీ’ అన్న అంకె స్టిక్‌కూ టీవీకీ మధ్యనున్న బెత్తెడు దారి గురించి చెప్పే నిజం. 480 గీతల బొమ్మ వస్తున్నా అది ‘1080పీ’ అనే చెబుతుంది. స్టిక్ హెచ్‌డీ ఇస్తోందా అని తేల్చుకోవాలనుకునే సామాన్యుడు మొట్టమొదట మోసపోయేది ఈ అంకె దగ్గరే. దీనికి తోడు దొంగకాపీలను అడ్డుకునే తాళాలున్నాయి. వైడ్‌వైన్ అనే తాళంలో ఎల్1 అన్న స్థాయి చిప్‌లోని భద్రమైన భాగంలో పనిచేస్తుంది, ఎల్3 అన్నది వట్టి సాఫ్ట్‌వేర్. ఎల్3 మాత్రమే ఉన్న చౌక ఆండ్రాయిడ్ పెట్టెలకు పెద్ద సంస్థలు చాలావరకు హెచ్‌డీ ఇవ్వవు. పెట్టె మీద 4కె అని అచ్చు ఉన్నా, లోపలికి వచ్చేది 480 గీతలే కావచ్చు.

2020 మార్చిలో ఈ సంగతి ప్రపంచమంతటికీ ఒక్కసారిగా అనుభవంలోకి వచ్చింది. లాక్‌డౌన్‌లో నెట్‌వర్కుల మీద భారం పెరగడంతో ఐరోపాలో నెట్‌ఫ్లిక్స్ బిట్‌రేట్లను నెలరోజుల పాటు తగ్గించింది. అయినా చందాదారులకు వారి వారి రిజల్యూషన్ అందుతుందనే చెప్పింది. భారతదేశంలో డిజిటల్ సంస్థలు మార్చి 24న సమావేశమై, మొబైల్ నెట్‌వర్కుల మీద 480 గీతలకు మించకుండా ఏప్రిల్ 14 దాకా పంపాలని నిర్ణయించాయి. అవసరకాలంలో తీసుకున్న ఆ నిర్ణయాన్ని తప్పుపట్టనక్కర లేదు. అయితే ఒకచోట అంకెను ఉంచి సారాన్ని తగ్గించారనీ, మరోచోట అంకెనే తగ్గించారనీ, రెండింటిలో ఏది జరిగినా, ప్రకటన వెలువడకపోతే ఇంట్లో తేల్చుకోవడానికి సాధనం లేదనీ గుర్తించాలి.

సాధనాలు పూర్తిగా లేవనడం కూడా సరికాదు. అవి దాగి ఉన్నాయి. యూట్యూబ్‌లో ‘స్టాట్స్ ఫర్ నెర్డ్స్’ అన్న అమరికను తెరిస్తే ఆ క్షణాన వస్తున్న రిజల్యూషన్ కనిపిస్తుంది. ఫైర్ టీవీ రిమోట్‌లో మధ్య బటన్‌నూ కింది బాణాన్నీ కలిపి ఐదు సెకన్లు నొక్కి పట్టి, వదిలాక మెనూ బటన్ నొక్కితే ఇంజనీర్ల కోసం పెట్టిన ఒక మెనూ వస్తుంది. అందులోని అమరికలను తెరిస్తే స్టిక్ విప్పుతున్న వీడియో వివరాలు తెర మీద అంకెలుగా నిలుస్తాయి. నెట్‌ఫ్లిక్స్ తన సరుకులోనే ‘టెస్ట్ ప్యాటర్న్స్’ పేరుతో పరీక్షాచిత్రాలను ఉంచింది. సినిమా వచ్చే దారినే, అవే తాళాలు దాటుకుని వచ్చే పటం కాబట్టి, అర్ధశతాబ్దం కిందటి ట్రేడ్ టెస్ట్‌కు అదే నిజమైన వారసుడు.

అలాంటి పటంలో ఒక చుక్క నలుపు, ఒక చుక్క తెలుపు చొప్పున పేర్చిన నిలువు చారల పలకను దగ్గరగా చూస్తే విషయం తేటతెల్లమవుతుంది. 1,920 చుక్కల వెడల్పులో అలాంటి జంటలు 960 పడతాయి. మధ్యలో ఎక్కడైనా బొమ్మ 1,280 చుక్కలకు తగ్గి ఉంటే అందులో 640 జంటలకే చోటుంది కాబట్టి, తిరిగి ఎంత సాగదీసినా పోయిన 320 జంటలు వెనక్కి రావు. పలక చదునైన బూడిదరంగుగానో, అసలు లేని వెడల్పాటి అలల పట్టీలుగానో కనిపిస్తుంది. టీవీలో ‘ఓవర్‌స్కాన్’ అమరిక, అంటే బొమ్మను కాస్త పెద్దది చేసి అంచులు కోసేసే పాత అలవాటు, తెరిచి ఉన్నా ఇలాగే అవుతుంది గనుక దాన్ని ముందే ఆపాలి. ఈ పలక రిజల్యూషన్‌ను తేలుస్తుంది. బిట్‌రేటును తేల్చడానికి కదలిక కావాలి: గోదావరి అలల మీద ఎండ మెరుపు, జాతర జనం మీద ఎగిరే రంగు, చీకటి గదిలో దీపం చుట్టూ పలచబడే వెలుగు. అలలు గళ్లుగా విరిగినా, చీకటిలో వెలుగు మెట్లు మెట్లుగా పట్టీలు కట్టినా చుక్కల సంఖ్య ఎంతైనా సమాచారం చాలలేదన్నమాట.

డబ్బు పుచ్చుకుని హెచ్‌డీ అని మాట ఇచ్చే ప్రతి వేదికా, తెలుగు వేదికలతో సహా, ఇలాంటి ఐదు నిమిషాల పరీక్షాచిత్రాన్ని అందరికీ కనిపించే చోట ఉంచాలి. ప్రసారకర్తలు దశాబ్దాల పాటు అడగకుండానే చేసిన పని ఇది. ఖర్చు స్వల్పం, గౌరవం ఎక్కువ. ఆ రోజు వచ్చేదాకా ప్రేక్షకుడు తనే చూసుకోవాలి, చూసేటప్పుడు దూరాన్ని మరవకూడదు. 43 అంగుళాల టీవీలో తెర ఎత్తు దాదాపు 53 సెంటీమీటర్లు. స్నెల్లెన్ సూత్రం ప్రకారం మామూలు చూపున్నవారు దాని ముందు ఎనిమిదిన్నర అడుగులకు మించిన దూరంలో కూర్చుంటే 720 గీతలకూ 1,080 గీతలకూ తేడా పట్టలేరు. సోఫాలో పది అడుగుల దూరాన కూర్చుని ఇచ్చే తీర్పు చెల్లదు; కొత్త స్టిక్‌ను పరీక్షించే ఆ కాసేపూ కుర్చీని తెరకు ఐదడుగుల దగ్గరికి జరుపుకోవాలి.